ఆ చివరి రెండు ఆప్షన్ల దగ్గర

(జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ ఖాళీ ఉంది. మధ్యలో మీకు కొన్ని ప్రశ్నలు చదివి వినిపించాలి. ఒక్క మాట చెవిన పడకపోయినా జవాబు మారిపోతుంది, అందుకని దగ్గరగా కూర్చోండి.

ముందు నేనే ఒకటి అడుగుతాను. మాక్ టెస్టు రాసి బయటికి వచ్చాక మీరు ఎక్కువగా అనే మాట ఏది? నేను చెప్పనా? "రెండు తీసేశాను, మిగిలిన రెండింట్లో తప్పుది పెట్టాను." అవునా, కాదా? చూడండి, ఇంతమంది తలలు ఊపుతున్నారు. ప్రతి ఏడాదీ, ప్రతి బ్యాచ్‌లోనూ నేను వినే మాట ఇదే. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఈ ఒక్క వాక్యం గురించే. సిలబస్ గురించి కాదు, ఏ పుస్తకం చదవాలన్నది కాదు. రెండు ఆప్షన్లు మిగిలాక ఏం చేయాలి? అంతే.

ఒకప్పుడు ఈ సమస్య ఇంత పెద్దది కాదు. 2008లో క్లాట్ మొదలైనప్పటి నుంచి చాలా ఏళ్లు సూటి బిట్లు కూడా బాగానే ఉండేవి. ఫలానా అధికరణ దేని గురించి, ఫలానా మాటకు అర్థం ఏమిటి. వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. 2020 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ఇంగ్లిషులో, న్యాయ తర్కంలో, మామూలు తర్కంలో, అన్నిటా ప్యాసేజీలే. ఒక్కొక్కటి 450 పదాల దాకా ఉంటుంది, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. అంటే ఇప్పుడు మీకు 'తెలియని' ప్రశ్న అనేది తక్కువ. కావలసినదంతా ఎదురుగానే ఉంటుంది. ఎదురుగా ఉండి కూడా తప్పు పెడతాం. అదే బాధ.

ఎందుకు పెడతాం? ఇది తెలియాలంటే ఒకసారి ప్రశ్న తయారు చేసే ఆయన బల్ల దగ్గరికి వెళ్లాలి. ఆయన పని ఏమిటో ఆలోచించండి. సరైన ఆప్షన్ రాయడం తేలిక. ఎవరూ నమ్మని రెండు తప్పు ఆప్షన్లు రాయడం ఇంకా తేలిక. కష్టమంతా ఆ నాలుగోది రాయడంలో ఉంది. అది తెలివైన విద్యార్థిని లాగాలి. కానీ ఆయనకు ఇంకో బాధ్యత కూడా ఉంది. పరీక్ష అయిన తర్వాత జవాబుల తాత్కాలిక కీ విడుదల చేస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు. 2025 క్లాట్ జవాబుల మీద ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు, కొన్నిటిని సవరించాల్సి వచ్చింది. అంటే ఆ నాలుగో ఆప్షన్ ఎందుకు తప్పో రేపు ఎవరు అడిగినా ఆయన చూపించగలగాలి. 'నాకు ఇది నచ్చలేదు' అంటే కుదరదు. 'ఇదిగో, ఈ మాట ప్యాసేజీలో లేదు' అని వేలు పెట్టి చూపించాలి.

ఇది మీకు ఎంత పెద్ద సాయమో గమనించారా? ఆ అందమైన తప్పు ఆప్షన్‌లో, తప్పు అని నిరూపించగలిగిన మాట ఒకటి ఉండి తీరాలి. దాన్ని ఆయన అక్కడ పెట్టే ఉంచాడు. మరి మనం ఏం చేస్తున్నాం? రెండు ఆప్షన్లనూ పక్కపక్కన పెట్టుకుని 'ఏది బాగుంది' అని చూస్తున్నాం. ఏది బాగుందో చూస్తే ఇద్దరు అందగాళ్ల మధ్య ఇరుక్కున్నట్టే. తప్పు మాట ఏ ఆప్షన్‌లో ఉందో వెతకండి. చూపు మార్చాలి. మెచ్చుకునే చూపు కాదు, తప్పుపట్టే చూపు.

మాటలతో చెబితే ఇది అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. ఒక ప్రశ్న చేద్దాం. రాసుకోవద్దు, వినండి.

"ఒక జిల్లాలో మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభించారు. ఆ తర్వాత రెండేళ్లలో, ఆ జిల్లా కోర్టులో ఒక్కో కేసు తేలడానికి పట్టే సగటు సమయం పెరిగింది. కాబట్టి మధ్యవర్తిత్వ కేంద్రం వల్ల కోర్టు పని నెమ్మదించింది." ఈ వాదాన్ని బలహీనపరిచేది ఏది?

ఒకటి, కేంద్రానికి వెళ్లిన తగాదాల్లో చాలా వరకు నెల లోపే పరిష్కారమయ్యాయి. రెండు, తేలికగా తేలే తగాదాలు ఎక్కువగా కేంద్రానికి వెళ్లిపోయాయి, చిక్కు కేసులు కోర్టులో మిగిలాయి. మూడు, పక్క జిల్లాలో అలాంటి కేంద్రం లేదు. నాలుగు, కేంద్రంలో పనిచేసేవారు అనుభవం ఉన్న న్యాయవాదులు.

మూడు, నాలుగు పోయాయి కదా? ఎవరికీ అనుమానం లేదు. ఒకటి అన్నవాళ్లు చేతులెత్తండి. రెండు అన్నవాళ్లు? సరే. ఒకటి అన్నవాళ్లూ తక్కువేమీ లేరు. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లు ఎలా ఆలోచించారో నాకు తెలుసు. వాదం మధ్యవర్తిత్వ కేంద్రాన్ని నిందిస్తోంది. ఒకటో ఆప్షన్ కేంద్రాన్ని మెచ్చుకుంటోంది. నిందకు మెప్పు విరుగుడు కదా అనిపించింది. కానీ వాదం నిందిస్తున్నది దేనికి? కేంద్రం నెమ్మదిగా పనిచేసిందని కాదు. కోర్టు నెమ్మదించింది అని. ముగింపు వాక్యాన్ని మళ్లీ వినండి: "కోర్టు పని నెమ్మదించింది." ఒకటో ఆప్షన్‌లో కోర్టు మాటే లేదు. నెల లోపు తేలినవి కేంద్రంలో తేలాయి. కోర్టులో ఏం జరిగిందో అది ఒక్క ముక్క చెప్పలేదు.

రెండోది చూడండి. చిన్న కేసులు వెళ్లిపోతే మిగిలినవి పెద్దవి. పెద్దవే మిగిలితే సగటు పెరగక ఏం చేస్తుంది? కోర్టు అదే వేగంతో పనిచేస్తున్నా సగటు పెరుగుతుంది. నిజానికి వేగం పెరిగినా సగటు పెరగవచ్చు. ఇలా వాదం నడుం విరుగుతుంది.

ఇక్కడ ఒక అలవాటు చెబుతాను, దీన్ని మాత్రం ఈ రోజు నుంచే చేయండి. వాదం ఉన్న ప్రశ్నలో ముగింపు వాక్యం ఏదో ముందు పట్టుకుని దాని కింద గీత గీయండి. చివరి రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు మొత్తం ప్యాసేజీకి తిరిగి వెళ్లకండి, సమయం చాలదు. ఆ గీత దగ్గరికే వెళ్లండి. ఈ ఆప్షన్ ఆ గీత గీసిన వాక్యంతో మాట్లాడుతోందా, పక్క వాక్యంతో మాట్లాడుతోందా? చాలా మాయ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు న్యాయ తర్కం. ఇందులో దాదాపు 28 నుంచి 32 ప్రశ్నలు వస్తాయి. ఇక్కడి మాయ వేరు. ఇక్కడ మోసపోయేది చదవనివాళ్లు కాదు, చదివినవాళ్లు. జాగ్రత్తగా వినండి.

ప్యాసేజీ ఇచ్చే సూత్రం ఇది అనుకోండి: "తన స్థలంలో ప్రమాదకరమైన వస్తువును తెచ్చి నిల్వ ఉంచిన వ్యక్తి, అది బయటికి పోయి ఇతరులకు నష్టం చేస్తే, తన అజాగ్రత్త లేకపోయినా బాధ్యుడు. అయితే ప్రకృతి వైపరీత్యం వల్ల గాని, సంబంధం లేని మూడో వ్యక్తి చర్య వల్ల గాని ఆ నష్టం జరిగితే అతనికి బాధ్యత ఉండదు." విషయం ఇది: ఒకాయన తన కర్మాగారంలో పెద్ద ట్యాంకులో యాసిడ్ నిల్వ ఉంచాడు. ఒక రాత్రి ఎవరో ఆగంతకుడు గోడ దూకి వచ్చి కవాటం పగలగొట్టాడు. యాసిడ్ పక్క పొలంలోకి పారి పంట పోయింది. యజమాని బాధ్యుడా?

మొదటి ఆప్షన్, బాధ్యుడు, అజాగ్రత్త లేకపోయినా బాధ్యుడే కాబట్టి. రెండోది, బాధ్యుడు, ప్రమాదకర పరిశ్రమలకు ఎలాంటి మినహాయింపూ ఉండదు కాబట్టి. మూడోది, బాధ్యుడు కాడు, తగిన జాగ్రత్త తీసుకున్నాడు కాబట్టి. నాలుగోది, బాధ్యుడు కాడు, మూడో వ్యక్తి చర్య వల్ల నష్టం జరిగింది కాబట్టి.

రెండోదానికి ఎవరు పడతారు? బాగా చదివినవాళ్లు. వాళ్లకు తెలుసు, 1868లో ఇంగ్లండులో రైలాండ్స్, ఫ్లెచర్ కేసులో స్థిరపడిన సూత్రం ప్యాసేజీలో ఉన్నదని. జలాశయం నీళ్లు పక్కవాడి గనిలోకి పోయిన కేసు అది. వాళ్లకు ఇంకోటి కూడా తెలుసు. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం (ఒక రకం గాఢ యాసిడ్) వాయువు లీకైన తర్వాత, ఎం.సి. మెహతా కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని దాటి వెళ్లింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారి బాధ్యత సంపూర్ణం, ఆ పాత మినహాయింపులు వారికి వర్తించవు అన్నది. యాసిడ్ అనగానే అది గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ఆనందంలో రెండోది పెడతారు. వాళ్లకు తెలిసినది అబద్ధమా? కాదు, అక్షరాలా నిజం. కానీ ఈ ప్యాసేజీ ఆ సూత్రం ఇవ్వలేదు. మినహాయింపు ఉందని ఇచ్చింది. ఈ విభాగానికి ముందస్తు చట్ట పరిజ్ఞానం అక్కర్లేదని పరీక్ష నిర్వహించేవారే చెబుతారు. ఆ ప్యాసేజీ ఉన్నంతసేపు, మీ దేశంలో ఉన్న చట్టం అదొక్కటే.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగేది. బ్యాచ్ మొత్తంలో చట్టం గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. న్యాయ తర్కంలో మాత్రం మార్కులు వెనకబడేవి. చివరికి ఒక పని చేయించాను. ప్రతి జవాబు పక్కన, అది ప్యాసేజీలో ఎన్నో వాక్యం నుంచి వచ్చిందో ఆ సంఖ్య రాయమన్నాను. వాక్యం సంఖ్య దొరక్కపోతే ఆ జవాబు ఆమె చదువు నుంచి వచ్చింది, ప్యాసేజీ నుంచి కాదు. రెండు వారాల్లో మార్పు వచ్చింది. చదువు మానమని నేను అనడం లేదు. ఆ విషయాలు ముందే తెలిసినవారు ప్యాసేజీని వేగంగా అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోవడానికి వాడుకోండి, జవాబు పెట్టడానికి వాడకండి.

మూడో ఆప్షన్‌ను మాత్రం అంత తేలిగ్గా వదలకండి. ఇది అన్నిటికన్నా నేర్పుగా రాసినది. తీర్పు సరైనదే, బాధ్యుడు కాడు. కారణం తప్పు. తగిన జాగ్రత్త తీసుకున్నాడని కథనంలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. కాపలా ఉందో లేదో కూడా చెప్పలేదు. చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఈ సూత్రంలో జాగ్రత్తకు విలువే లేదు, అజాగ్రత్త లేకపోయినా బాధ్యుడే అన్నారు కదా. నాలుగోది సరైన జవాబు. 'బాధ్యుడు కాడు' అని తేల్చుకున్న వెంటనే కంటికి ముందు కనబడిన 'కాడు' మీద వాలిపోయేవాళ్లు మూడోది పెడతారు. అందుకే ఇలాంటి ప్రశ్నలో ఆప్షన్‌ను తీర్పు ఒక సగం, కారణం ఒక సగం అని రెండుగా విరిచి చదవండి. ముందు సగం సరిపోయిందా, వెనక సగం సరిపోయిందా, విడివిడిగా అడగండి. రెండు సగాలూ నిలబడాలి.

ఇంకో సంగతి. పేపరు ఇంగ్లిషులో ఉంటుంది. మనలో చాలామంది లోపల తెలుగులో ఆలోచిస్తాం. అది తప్పు అని మీకు ఎవరో చెప్పి ఉంటారు. నేను అలా అనుకోను. కొన్ని చోట్ల తెలుగు మనల్ని కాపాడుతుంది. ఇంగ్లిషులో 'ఇఫ్' వేరు, 'ఓన్లీ ఇఫ్' వేరు. హడావిడిలో రెండూ ఒకటే అనిపిస్తాయి. తెలుగులో చెప్పుకుని చూడండి. 'ఉంటే' వేరు, 'ఉంటేనే' వేరు. ఆ ఒక్క 'నే' అనే అక్షరం మొత్తం తర్కాన్ని తిప్పేస్తుంది.

1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, మామూలు వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ ఉండాలి. దీన్ని ఎలా చెబుతారు? 'ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే వీలునామా చెల్లుతుంది' అనా? 'ఇద్దరు సాక్షులు సంతకం చేస్తేనే చెల్లుతుంది' అనా? రెండోది. సంతకాలు లేవంటే చెల్లదని కచ్చితంగా చెప్పగలం. సంతకాలు ఉన్నాయంటే? చెల్లుతుందని చెప్పలేం. బెదిరించి రాయించి ఉండవచ్చు, రాసినాయనకు మతి స్థిమితం లేకపోవచ్చు. ఒక అడ్డు తొలగింది, అంతే. ప్రశ్నలో సాక్షులిద్దరినీ తెచ్చి నిలబెట్టి, 'కాబట్టి వీలునామా చెల్లుతుంది' అని ఒక ఆప్షన్ పెడతారు. మీకు 'నే' గుర్తుంటే ఆగుతారు.

'అన్‌లెస్' అనే మాట కూడా ఇలాంటిదే. అది కనబడితే 'తప్ప' అనుకోండి. 'అద్దె ఎగవేస్తే తప్ప యజమాని ఖాళీ చేయించలేడు.' బాగా వినండి. ఎగవేశాడు కాబట్టి ఖాళీ చేయించవచ్చు అని ఈ వాక్యం హామీ ఇచ్చిందా? ఇవ్వలేదు. ఎగవేయనివాడిని కదపలేడని మాత్రమే చెప్పింది. ఎగవేసినవాడికి నోటీసు ఇవ్వాలని పై పేరాలోనే ఇంకో షరతు ఉండి ఉండవచ్చు.

ఈ సందర్భంగా ఒక ప్రచారాన్ని ఆపాలి. 'మాత్రమే', 'ఎప్పుడూ', 'అందరూ' లాంటి గట్టి మాటలు ఉన్న ఆప్షన్‌ను కళ్లు మూసుకుని కొట్టేయండి అని కొందరు చెబుతారు. ఇంగ్లిషు ప్యాసేజీల్లో అది చాలాసార్లు పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. రచయిత 'కొన్నిసార్లు' అన్నదాన్ని ఆప్షన్ 'ఎప్పుడూ' అంటుంది, అది తప్పే. కానీ చట్టం గట్టిగానే మాట్లాడుతుంది. సూత్రంలోనే 'మాత్రమే' ఉంటే సరైన ఆప్షన్‌లో కూడా 'మాత్రమే' ఉండాలి. గట్టి మాట కనబడితే కొట్టేయకండి. ప్యాసేజీ అంత గట్టిగా అన్నదా అని చూడండి. అన్నదానికన్నా ఎక్కువ గట్టిగా ఉంటే అప్పుడు కొట్టేయండి.

సరే, ఇవన్నీ చేసినా తేలలేదు. అలాంటివీ ఉంటాయి. అప్పుడు వదిలేయాలా, పెట్టాలా? మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, లెక్క వేసి చెబుతాను. సరైన జవాబుకు 1 మార్కు. తప్పుకు 0.25 కోత. నాలుగూ అలాగే ఉండి గుడ్డిగా పెడితే, అలాంటి నాలుగు ప్రశ్నల్లో సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఒకటి వచ్చింది, ముప్పావు పోయింది, మిగిలింది పావు. నాలుగు ప్రశ్నలకు పావు మార్కు. రెండు తీసేశాక పెడితే? నాలుగు ప్రశ్నల్లో రెండు వస్తాయి, రెండు తప్పుతాయి. రెండు మార్కుల్లో అర పోతుంది, ఒకటిన్నర మిగులుతుంది. నాలుగు ప్రశ్నలకు ఒకటిన్నర మార్కు! కాబట్టి నిజంగా రెండు తీసేయగలిగితే భయపడి వదలకండి. ఒక్కటి తీసేయగలిగినా పెట్టడమే మేలు. మన రాష్ట్రాల న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసేవాళ్లకు ఈ లెక్కే అక్కర్లేదు, అక్కడ నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకూడదు.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. ఈ లెక్క నిజంగా గుడ్డిగా పెట్టేవాడికి వర్తిస్తుంది. ప్రశ్న సగం అర్థమై, ఒక ఆప్షన్ 'ఎందుకో బాగుంది' అనిపించి పెట్టేవాడు గుడ్డివాడు కాదు. అతన్ని ఒకరు చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. ఇందాక చెప్పానే, బల్ల దగ్గర కూర్చున్న ఆయన. అలా లాగబడినప్పుడు మీ అవకాశం నాలుగింట ఒకటి కన్నా తక్కువే కావచ్చు. అందుకని ప్యాసేజీయే అర్థం కాని చోట, కారణం చెప్పలేని ఇష్టంతో పెట్టకండి. తీసేసిన ఆప్షన్‌ను ఎందుకు తీసేశారో చెప్పగలిగితేనే అది తీసేసినట్టు.

సమయం గురించి ఎక్కువ చెప్పను, మీకు అందరూ చెబుతూనే ఉంటారు. ఒక్క విషయం. ఎంత కఠినమైన ప్రశ్నకైనా ఒకటే మార్కు, ఎంత తేలికైనదానికైనా ఒకటే మార్కు. ఒక ప్యాసేజీకీ దాని కింది అయిదు ప్రశ్నలకూ కలిపి మీకు ఉన్నవి దాదాపు అయిదారు నిమిషాలు. వర్తమాన వ్యవహారాల దగ్గర కొంత మిగులుతుంది, అది ఇక్కడికి పనికొస్తుంది. చివరి రెండింటి దగ్గర అర నిమిషం దాటి నిలబడితే ప్రశ్న సంఖ్య చుట్టూ సున్నా చుట్టి ముందుకు వెళ్లండి. ముందుకు వెళ్లినప్పుడు జవాబుల వృత్తాలు నింపే ఓఎంఆర్ షీటులో ఆ వరస కూడా వదిలారా లేదా చూసుకోండి. ఒక్క వరస జరిగితే ఆ తర్వాతవన్నీ జరుగుతాయి, పెన్నుతో నింపిన వృత్తాన్ని చెరపలేం.

ఇక మాక్ టెస్టుల సంగతి. మీరు టెస్టు రాస్తారు, మార్కులు చూసుకుంటారు, తప్పుల పక్కన 'అజాగ్రత్త' అని రాస్తారు. దయచేసి ఆ మాట రాయకండి. దాన్నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. 'ముగింపు కోర్టు గురించి, నేను కేంద్రం గురించి పెట్టాను' అని రాయండి. 'బయటి చట్టం తెచ్చాను' అని రాయండి. 'ఉంటేనే అన్నదాన్ని ఉంటే అని చదివాను' అని రాయండి. అంత చిన్నగా, అంత కచ్చితంగా. ముప్పై తప్పులు ఇలా రాశాక నోటుపుస్తకం మొదటి నుంచి తిరగేయండి. మీరు ముప్పై రకాలుగా మోసపోలేదని తెలుస్తుంది. రెండు మూడు రకాలుగానే, మళ్లీ మళ్లీ మోసపోతున్నారు. ఒకరిని బయటి చట్టం లాగుతుంది, ఇంకొకరిని ఆప్షన్‌లోని తీర్పు సగం లాగుతుంది. మీది ఏదో మీ పక్కన కూర్చున్నవాడు చెప్పలేడు, నేనూ చెప్పలేను. ఆ నోటుపుస్తకం చెబుతుంది.

ఇంకొకటి, సరైన జవాబు వచ్చినవాటిలో కూడా ఊహించి పెట్టినవి ఉంటాయి. టెస్టు రాసేటప్పుడే వాటి పక్కన చుక్క పెట్టండి. మార్కు వచ్చిందని వాటిని వదిలేస్తే అవి రేపు అసలు పరీక్షలో తప్పవుతాయి.

మాటలు చాలు. మీకు ఇచ్చిన కాగితం తిప్పండి. ఒక ప్యాసేజీ, అయిదు ప్రశ్నలు ఉన్నాయి. ప్రతి ప్రశ్నకూ నేనే రెండు ఆప్షన్లు కొట్టేసి ఇచ్చాను, మీకు రెండే మిగిలాయి. సరైనది టిక్కు పెట్టవద్దు. తప్పుదానిలో, అది తప్పని చూపించే మాట కింద గీత గీయండి. ఆరు నిమిషాలు. వెనక వరసకు కాగితాలు అందాయా? అయితే మొదలుపెట్టండి.